మనోవ్యాధికి మందు లేదా?

మనోవ్యాధికి మందు లేదని మనవారిలో ఒక సామెత యున్నది. దానిని మొదట పలికినవాడెవడో కాని, తన దుఃఖము తీరక విసుగుతో పలికి యుండును. మనము మాత్రము దానిని వైద్యశాస్త్ర సిద్ధాంతముగా గ్రహించితిమి. జ్వరము వచ్చినచో వైద్యుని యొద్దకు పోవుదుము. పన్ను నొచ్చినను పోవుదుము. పశువునకు జబ్బు చేసినచో పశువైద్యుని పిలుతుము. మనస్సునకు జబ్బు చేసినప్పుడు మాత్రము వీధి తలుపు మూయుదుము. ఈ సామెత మన యూళ్లలో చేయుచున్న కీడొకటి. మన బిడ్డలు ఆవకాయ జాడీతో పాటు దీనిని గూడ పెట్టెలో పెట్టుకొని సముద్రములు దాటి పోగా, అక్కడ చేయుచున్న కీడు మఱియొకటి. ఈ రెండవ దానిని గుఱించి నేడు వ్రాయ నుద్దేశించితిమి.

మేము వ్రాయుచున్నది ఊహ కాదు. మా యొద్ద చదువుకొన్న విద్యార్థి యొకడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. తండ్రి పోయిన యేడాది లోపుననే తల్లిని తన యింటికి తీసికొనిపోయెను. ఆమె వెళ్లినది చలికాలము. కొడుకును కోడలును ఉదయము పోయి సాయంకాలమునకు వత్తురు. మనుమడు బడికి పోవును. వీధిలో నడచు మనిషి కానరాడు. కోడలు గుజరాతీ యింటి పిల్ల. మంచి మనసు గలదే కాని తెలుగు రాదు. రెండు నెలలు గడచుసరికి ఆమెకు అన్నము సయింపదాయెను. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చుచుండెను. గుండెలో మంట యనుచుండెను. కొడుకునకు సెలవు దొరకలేదు. కోడలు వైద్యశాలకు కొనిపోయెను. తొమ్మిదేండ్ల మనుమడు దుబాసీ.

నాయనమ్మ ‘గుండెలో మంట’ యనగా, ఆ బాలుడు అన్నము అరుగనప్పుడు రొమ్ములో పుట్టు మంటకు అక్కడివారు వాడు ఇంగ్లీషు మాటను చెప్పెను. వైద్యుడు పుల్లత్రేపులకు మాత్రలు వ్రాసి యిచ్చెను. రెండవ మాఱు వెళ్లినప్పుడు ఇంకేమైన బాధ యున్నదా యని యతడడుగగా, ఆమె తల వంచుకొని, ‘ఇంక చాలు, నాయనా’ అనెను. ‘ఇంకేమియు లేదనుచున్నది’ అని మనుమడు చెప్పెను. వైద్యుడు సంతోషించి లేచెను. ఆమె ‘ఇంక చాలు’ నన్నది బ్రతుకును గుఱించి.

ఆ దినములలో ఆ విద్యార్థి మాకు టెలిఫోను చేసి, ‘మాస్టరుగారూ, అమ్మ మునుపటి మనిషి వలె లేదు, ఏమి చేయమంటారు?’ అని యడిగెను. ఇరువది సంవత్సరములుగా సంస్కృతమును ఇంగ్లీషును బోధించుచున్న మేము, ‘బెంగ, అంతే. రామకోటి వ్రాయింపుము’ అని సమాధానము చెప్పితిమి. వైద్యుని దోషము భాష తెలియకపోవుట. మాకు భాష తెలిసియు మా దోషమంతకు తక్కువది కాదు. ఈ వ్యాసమునకు కారణము ఆ సమాధానమే.

ముందు వైద్యుల పొరపాటును విచారింతము. ఆసియా ఖండమువారు మనసులోని బాధను మాటలలో చెప్పలేరనియు, దానిని శరీరమునకు దింపి తలనొప్పియనియు నీరసమనియు చెప్పుదురనియు, భావములను విడదీసి చెప్పు నేర్పు వారికి చాలదనియు పాశ్చాత్య వైద్యులలో చిరకాలము ఒక యభిప్రాయము వ్యాపించి యుండెను. ఇది శాస్త్రపు ముసుగు వేసికొన్న అహంకారము. ఆర్థర్ క్లైన్‌మన్ అను అమెరికా వైద్యుడు చైనాలోని హునాన్ రాష్ట్రమున, నరముల బలహీనత యని నిర్ణయింపబడిన 100 మంది రోగులను పరీక్షించి, వారిలో 87 మందికి తీవ్రమైన విషాదరోగ లక్షణములున్నవని 1982 లో ప్రకటించెను. వారు చెప్పుకొన్నది తలనొప్పి, నిద్రలేమి, తలతిరుగుట. అడుగవలసిన తీరున అడుగగా నిరాశయు దుఃఖమును బయటపడినవి. కావున వారికి లేనిది చెప్పు నేర్పు కాదు, అడుగువాడు.

భగవద్గీత మొదటి యధ్యాయమునకు విషాదయోగమని పేరు. అర్జునుడు తన విషాదమును ఎట్లు చెప్పుకొనెను? అవయవములు పట్టు తప్పుచున్నవనియు, నోరెండుచున్నదనియు, ఒడలు వణకుచున్నదనియు, చర్మము మండుచున్నదనియు, విల్లు చేతినుండి జారుచున్నదనియు, మనస్సు తిరిగిపోవుచున్నదనియు చెప్పుకొనెను. శరీరమును మనస్సును ఒక్క యూపిరిలో చెప్పిన ఆ మహావీరునకు భావములు తెలియవని ఎవడనగలడు? ఇంగ్లీషువారు మాత్రము వేఱు విధముగా చెప్పుకొనిరా? రాబర్టు బర్టను 1621 లో ప్రకటించిన మహాగ్రంథమునకు విషయము ‘మెలాంకలీ’. ఆ మాటకు గ్రీకు భాషలో నల్లని పిత్తమని యర్థము. తమ దుఃఖమును పిత్తములో వెదకికొన్న జాతివారు, గుండెమంటలో దుఃఖమును చెప్పుకొన్న ముసలమ్మను తక్కువ చేసి చూడనేల?

భాషయు ఆచారమును ఎఱుగని వైద్యము వలన కలుగు ఫలమును లెక్కలు చెప్పుచున్నవి. స్టాన్లీ స్యూ అను మనశ్శాస్త్రజ్ఞుడు సియాటిల్ ప్రాంతమునందలి 17 మానసిక వైద్యకేంద్రముల లెక్కలను పరిశీలించి 1977 లో ప్రకటించెను. అక్కడికి వచ్చిన ఆసియావారిలో ఇంచుమించు సగము మంది ఒక్కమాఱు వచ్చి మఱల రాలేదు. తెల్లవారిలో అట్లు మానినవారు నూటికి ముప్పది ప్రాంతమున నుండిరి. ఎంతో కాలము వెనుకముందాడి, ఎవరికిని తెలియకుండ, గుండె చిక్కబట్టుకొని ఆ గడప త్రొక్కినవారు వారు. అంతటివారు మఱునాడు రాలేదన్నచో, వారి కచ్చట దొరకినదేమో మనమూహింపవచ్చును.

కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరమున కాంబోడియా శరణార్థులు వేలకొలది నివసించుచున్నారు. 1975 మొదలు 1979 వఱకు ఖ్మేర్ రూజ్ ప్రభుత్వము ఆ దేశములో జరిపిన మారణకాండనుండి తప్పించుకొని వచ్చినవారు వీరు. 1980 తరువాతి యేండ్లలో ఆ ప్రాంతమున కొందఱు కాంబోడియా స్త్రీలు చూపు పోయినదని నేత్రవైద్యుల యొద్దకు వచ్చిరి. పరీక్షింపగా కన్నులలో దోషము కానరాలేదు. బిడ్డలను భర్తలను చంపుచుండగా చూచిన కన్నులవి. 2005 లో ప్రకటింపబడిన మఱియొక పరిశీలనలో, ఆ నగరమున శరణార్థులు వచ్చి రెండు దశాబ్దములు గడచిన పిమ్మటను, నూటికి 62 మంది ఆ భయానకస్మృతుల రోగముతోను, 51 మంది విషాదరోగముతోను బాధపడుచున్నట్లు తేలినది. ఇట్టివారి యెదుట చూపు పరీక్షించు అక్షరముల పలక వ్రేలాడగట్టినంత మాత్రమున వైద్యము ముగియునా?

పాశ్చాత్యులు ఈ తప్పును కొంతవఱకు తెలిసికొనిరని యొప్పుకొనవలయును. ఆ తెలివి వారికి ఊరక రాలేదు. అక్కడ నివసించు ఆసియావారే పూనుకొని నేర్పిరి. సియాటిల్ నగరమున 1973 లోనే ఆసియావారు తమ భాషలలో ఊరట చెప్పు సంస్థను స్థాపించుకొనిరి. లండను నగరమున జాఫర్ కరీం 1983 లో నఫ్సియాత్ అను కేంద్రమును స్థాపించెను. అమెరికా మానసిక వైద్య సంఘమువారి రోగనిర్ణయ గ్రంథమున 1994 లో సంస్కృతిని గుఱించిన పరిశీలనాక్రమము చేరినది. 2013 నాటి కూర్పులో రోగిని అడుగదగిన 16 ప్రశ్నలు చేరినవి. రోగి తన బాధను తనవారితో ఏ పేరుతో చెప్పుకొనును, అది యేల కలిగినదని తాననుకొనును, ఇంటివారేమనుకొందురు, ఇంతకుముందు ఎవరిని ఆశ్రయించెను, ఇప్పుడేమి కోరుచున్నాడు అనునవి వాని సారము. వీనిలో మొదటిదాని నొక్కదానినైనను తెలుగు వచ్చిన పెద్దమనిషి ద్వారా మా విద్యార్థి తల్లి నడిగియుండినచో, పుల్లత్రేపుల మాత్రల యవసరము లేకపోయెడిది.

పిల్లలను దుబాసీలుగా నిలుపరాదని, అత్యవసర మైనప్పుడు తప్ప, 2016 లో అమెరికా ప్రభుత్వమే నియమము చేసినది. నియమము గ్రంథములో నున్నది. ఇంగ్లీషు రాని రోగి దుబాసీని కోరుట తన హక్కని తెలిసికొని అడిగినగాని అది గదిలోనికి రాదు. మనవారు అడుగరు. ఇంటి గుట్టు పరాయివానికి తెలియునని భయము.

ఇక మనవారి వాదమునకు వత్తము. ‘ఇవి తెల్లవారి జబ్బులు. మనకు భక్తి యున్నది, యోగమున్నది, ఉమ్మడి కుటుంబమున్నది. మనవారికి మనోవ్యాధు లెక్కడివి?’ అని పెద్దలు సభలలో పలుకగా వింటిమి. ఇట్లు పలుకువారు తమ గ్రంథములను తామే చదువలేదు. చరకసంహితలో ఉన్మాదమును అపస్మారమును గుఱించి ప్రత్యేకముగా చెప్పబడినది. చరకుడు చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూడు విధములుగా విభజించెను. మొదటిది జపహోమాదులు, రెండవది ఔషధాహారములు, మూడవది మనస్సును అహితమైన వానినుండి మరల్చుట. రోగమే లేని దేశమున చికిత్సను మూడు తెఱగులుగా విభజింప పనియేమి? పూజను మందును మాటను ఒకచోట నిలిపిన చరకుడెక్కడ, పూజ యొక్కటి చాలునని మందును మాటను నిషేధించు మనమెక్కడ?

వ్యాధి లేదనుట ఎంత దూరము పోవునో మన దక్షిణదేశమే చూచినది. 2001 ఆగస్టు 6 వ తేదీన తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా సమీపమున నడుపబడుచున్న ఆశ్రమ మొకటి అగ్నికి ఆహుతి కాగా, గొలుసులతో కట్టివేయబడియున్న రోగులు పాఱిపోలేక 28 మంది మరణించిరి. వారిని అచ్చటికి తెచ్చి విడిచినవారు శత్రువులు కారు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు. పరదేశమున గొలుసు లేదు కాని పరువున్నది. అన్నకు మతి చెదరినదని తెలిసినచో చెల్లెలికి సంబంధము రాదు. కోడలికి నిద్ర మాత్రలిచ్చిరని తెలిసినచో బంధువులలో తల యెత్తుకొనలేము. కావున ఇంటిలోని బాధ ఇంటిలోనే యుండవలెను. ఇనుప గొలుసునకు ఇది చెల్లెలు.

ఇచ్చట మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మున్నది. సంస్కృతిని గౌరవించు వైద్యము కావలయునని నేడు దేశదేశములవారు చెప్పుచున్నారు. మేమును కోరుచున్నాము. కాని ఆ మాటను మనలో కొందఱు తమకు అనుకూలముగా త్రిప్పుకొనుచున్నారు. ‘మా యింటిలో నిర్ణయములు పెద్దలు చేయుదురు, ఇది మా సంస్కృతి’ అని భర్తయు అత్తగారును వైద్యుని గదిలో కూర్చుండి కోడలి తరపున తామే మాటలాడుదురు. సంస్కృతిని అవమానించితినను నింద తనకు వచ్చునేమో యని వైద్యుడు మిన్నకుండును. హెచ్-4 వీసాపై భర్త వెంట వెళ్లిన స్త్రీ బ్రతుకు భర్త వీసాపై ఆధారపడి యుండును. 2015 వఱకు అట్టి స్త్రీలకు ఉద్యోగము చేయు హక్కే లేదు. అటుపిమ్మట కొందఱికి మాత్రము అది లభించినది. చేతిలో కాసు లేక, పలుకరించు దిక్కు లేక, ఏడ్చిన కారణము చెప్పుటకు ఏడిపించినవారే దుబాసీలైనచో, ఆమె గతి యేమి? ఆమెను ఒంటరిగా కూర్చుండబెట్టి ఆమె భాషలో అడుగుటయే ఆమె సంస్కృతిని గౌరవించుట. ఇంటి పెద్ద నోటిని సంస్కృతి యని భ్రమించుట గౌరవము కాదు, పిఱికితనము.

గోడకు బుద్ధవిగ్రహపు పటమును నటరాజు బొమ్మను తగిలించి, తమ వైద్యశాల ఆసియావారికి అనుకూలమైనదని చెప్పుకొనువారు మఱికొందఱు. ఆసియా యనునది ఒక్క మనిషి కాదు. అడవులలో ప్రాణము చేతబట్టుకొని నడచి వచ్చిన కాంబోడియా తల్లికిని, విమానములో వచ్చిన తెలుగు ఇంజనీరునకును ఒకే బాధ యుండదు. మందు విషయమున గూడ పుట్టుక నడుగవలసిన సందర్భములున్నవి. మూర్ఛకును ఉన్మాద విషాదములు మాఱి మాఱి వచ్చు రోగమునకును వాడు కార్బమజెపీన్ అను ఔషధము, ఆసియా సంతతివారిలో కొందఱికి, వారి రక్తములో నొక వంశలక్షణ మున్నచో, చర్మమూడిపోవునంతటి ప్రమాదము కలిగింపవచ్చుననియు, ముందుగా పరీక్ష చేయవలయుననియు 2007 లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. పటములు తగిలించుట సులభము. ఇట్టివి తెలిసికొనుట కష్టము. రోగికి కావలసినది రెండవది.

మఱియు దుఃఖమంతయు మనస్సులోనే పుట్టునని వైద్యుడు తలచినచో అదియు తప్పు. వైష్ణవదాసు బగాయి అను భారతీయుడు 1915 లో భార్యాబిడ్డలతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, 1921 లో అమెరికా పౌరుడాయెను. 1923 లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున ఆ దేశపు సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వమునకు అర్హులైన శ్వేతజాతీయులు కారని తీర్పు చెప్పగా, ఇతని పౌరసత్వమును తీసివేసిరి. ఆస్తి యుంచుకొను హక్కు పోయినది. స్వదేశమును చూచి రావలెనన్నచో బ్రిటిషు పాస్‌పోర్టు తెచ్చుకొమ్మనిరి. ఆ బ్రిటిషు పాలనను ద్వేషించియే ఆయన దేశము విడిచెను. 1928 లో ఆయన తన కారణములను పత్రికకు లేఖగా వ్రాసి ప్రాణము విడిచెను. ఆయన మనస్సునకు వైద్యము చేసినంత మాత్రమున చాలెడిదా? నేడు హెచ్-1బి వీసా గల యువకుని ఉద్యోగము పోయినచో, ఉండుటకు గడువు హెచ్చుపక్షము 60 దినములు. శాశ్వత నివాసపత్రములలో ఒక్కొక్క దేశమునకు నూటికి ఏడు చొప్పున మాత్రమే దక్కు నియమము వలన భారతదేశమున పుట్టినవారు ఏండ్ల తరబడి వేచియున్నారు. నిద్ర పట్టుట లేదని వచ్చిన తెలుగువాని వీసా సంగతి అడుగని వైద్యుడు, నాడి చూడని వైద్యునితో సమానుడు.

అమెరికాలో ఇంటిలో తెలుగు మాటలాడువారు 2017 నాటికే నాలుగు లక్షలు దాటిరి. ఇంతమందికి గుళ్లున్నవి, సభలున్నవి, పిల్లలకు కూచిపూడి బడులున్నవి. బాధ చెప్పుకొనుటకు ఒక గది యున్నదా? పెద్ద వైద్యులు దొరకలేదను సాకు చెల్లదు. గోవాలో వైద్యవిద్య లేని స్థానికులకు కొలది కాలము శిక్షణ నిచ్చి, విషాదరోగులకు ఊరట చెప్పింపగా, ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములకు వచ్చిన రోగులలో కోలుకొన్నవారు హెచ్చిరని 2010 లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. గోవాలో సాధ్యమైనది న్యూజెర్సీలో ఏల సాధ్యము కాదు? ప్రతి తెలుగు సంఘమును నాటకమునకును విందునకును వెచ్చించు ధనములో కొంత భాగమును, రహస్యము దాచగల దుబాసీలకును, శిక్షణ పొందిన సలహాదారులకును వెచ్చింపవలయునని మేము కోరుచున్నాము.

ఇంటియొద్ద నున్న మన కర్తవ్యమంతకంటె సులభమైనది. ఆదివారము టెలిఫోనులో బిడ్డలను మనమేమడుగుచున్నాము? జీతమెంత పెఱిగినది, ఇల్లు కొంటివా, పిల్లలెప్పుడు అని. నిద్ర పట్టుచున్నదా యని, ఎవరితోనైన మనసిచ్చి మాటలాడుచున్నావా యని అడుగుదుమా? వాడు ‘బాగుగానే యున్నాను’ అనునప్పుడు గొంతు వినుదుమా? మన దేశములో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము వైద్యమును రోగి హక్కుగా చేసినది. 2022 అక్టోబరు నుండి 14416 సంఖ్యకు టెలిఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. అమెరికాలో ఉన్నవారికి అట్టి సహాయమునకు 988 సంఖ్య కలదు. ఈ రెండు సంఖ్యలను పంచాంగము వెనుక అట్టపై వ్రాసికొనుట ఏ సంస్కృతికిని విరుద్ధము కాదు.

మా విద్యార్థి తల్లి ఆఱు నెలలకు తిరిగి వచ్చినది. మా యింటి యామె చూడబోయి, ఆమె చిక్కిన తీరును చూచి, మాతో నొక్కమాటయైన సంప్రదింపక పట్టణములోని మానసిక వైద్యుని యొద్దకు తీసికొనిపోయెను. ఆ వైద్యుడు మొదట నిద్రను గుఱించి అడిగి, పిదప ‘అయ్యగారు పోయి ఎన్నాళ్లయినదమ్మా?’ అని అడిగెనట. ఆమె గంటసేపు మాటలాడినది. మందులును వాడినది, రామకోటియు వ్రాసినది. నాలుగు నెలలలో అన్నము సయించినది, నిద్ర పట్టినది.

మొన్న వేసవిలో మనుమడు వచ్చెను. ఇప్పుడు వానికి పదునొకండేండ్లు. జరిగినది ఎవరో చెప్పగా విని, మా యరుగుపై కూర్చుండి, ‘తాతగారూ, ఆ రోజు నేను తప్పు చెప్పానా?’ అని యడిగెను. వైద్యుడు పిల్లవాని నోట రోగమును విన్నాడు. కొడుకు సలహా కొఱకు మమ్మడిగినాడు. మేము సామెతను నమ్మితిమి. ముగ్గురు పెద్దలు చేసిన తప్పును పసివాడు తన తలపై పెట్టుకొని రెండేండ్లు మోయుచుండెను. నీ తప్పేమియు లేదు నాయనా, తప్పు మాది యని వానితో చెప్పితిమి. చదువరులారా, మీ యిండ్లలో ఏ బాలుడును ఇట్టి ప్రశ్న నడుగు నవసరము రానీయకుడు.